ఊపిరి గది

దుమ్ము చొరబడకుండా మూసేసిన గదిలో దుమ్ము వల్ల మనిషి ఎలా చచ్చిపోతాడు?

డిటెక్టివ్ ఈ ప్రశ్న వేసినప్పుడు ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. అతను ఆమెకు స్వయానా అక్క మొగుడు. ఇంట్లో అయితే ఆ నవ్వుకి ఆమె కూడా నవ్వేది. ఇక్కడ నవ్వలేదు.

"గది మూసినంత మాత్రాన ఊపిరితిత్తులు కొత్తవైపోతాయా మరదలా? ఏడేళ్ల కిందట పీల్చిన దుమ్ము అది. లోపలే కాపురం పెట్టింది. మళ్లీ తలుపు సందులోంచి దూరి రావాల్సిన పనేముంది?"

"మరి ఆ లోపలున్న దుమ్ము ఇంట్లో ఎందుకు చంపలేదు బావా? ఈ గదిలోకి వచ్చేదాకా ఎందుకు ఆగింది?"

"దుమ్ముకి ముహూర్తం నేను పెట్టలేదు. సాయంత్రానికి ఫైలు మూసేస్తున్నాను. అప్పటిదాకా నీ సరదా నువ్వు తీర్చుకో."

వాళ్లు నిలబడింది రెస్క్యూ స్టేషన్ వరండా చివర. ఎదురుగా ఆకుపచ్చ రంగు తలుపు. దాని మీద చేత్తో రాసిన అక్షరాలు, 'ఊపిరి గది'.

ఏడేళ్ల కిందట ఆరంతస్తుల మార్కెట్ భవనం కూలినప్పుడు ఈ స్టేషన్‌లోని తొమ్మిది మంది పదిరోజులకు పైగా శిథిలాల మీదే బతికారు. సిమెంటు దుమ్ములో తిన్నారు, సిమెంటు దుమ్ములో పడుకున్నారు. అప్పటినుంచి తొమ్మిది మందికీ ఆయాసం. అందుకని వాళ్లే ఈ గది కట్టుకున్నారు. కిటికీల చుట్టూ టేపు వేశారు. తలుపు అంచులకు గుడ్డపట్టీలు కొట్టారు. ఎవరికి ఊపిరి బిగిసినా మిగతావాళ్లు అతన్ని లోపల కూర్చోబెట్టి, వీపుకు అతని దిండే ఆనించి, తలుపు మూసి, గడప దగ్గర తడి తువ్వాలు దోపి వచ్చేస్తారు. బయట దుమ్ముంది, లోపల క్షేమం. పట్టుకున్న తాడును ఎంత నమ్ముతారో, ఆ మాటనూ అంతే నమ్మారు.

ఆ గదిలో ఇప్పటికి ఇద్దరు పోయారు. కిందటేడు 'మైకు', యంత్రాల రొదలో కూడా వినపడే గొంతు అతనిది. కిందటి వారం 'ఉడుత', ఎంత సన్నటి కన్నంలోనైనా దూరేవాడు. ఇద్దరూ తమ కాళ్ల మీద తామే నడిచి లోపలికి వెళ్లారు. బయటికి మాత్రం స్ట్రెచర్ మీద వచ్చారు.

డిటెక్టివ్‌ని పిలిచింది ఉడుత భార్య. ఆమె ఏడవలేదు. అదే డిటెక్టివ్‌ని కదిలించింది.

"మా ఆయన ఎలా పోయాడో కనుక్కోమని రాలేదక్కా. పోయినాయన రాడు. నా తమ్ముడు బతికే ఉన్నాడు. వాడూ అదే స్టేషన్. ఈ సోమవారం నుంచి రోజూ ఆ గదిలోకే వెళ్లి పడుకుంటున్నాడు."

"వద్దని చెప్పలేదా?"

"చెప్పాను. 'అక్కా, అది మా గది, మా చేతుల్తో కట్టుకున్నాం' అంటాడు. మా ఆయనా సరిగ్గా అదే మాట అన్నాడు."

ఆ తమ్ముడి పేరు స్టేషన్‌లో 'తబలా'. ప్రస్తుతానికి డ్యూటీలోనే ఉన్నాడు.

డిటెక్టివ్ ముందుగా కెప్టెన్‌ని పట్టుకుంది. ఏళ్ల తరబడి జనరేటర్ల పక్కన నిలబడి అతని చెవులు సగం పోయాయి. ఎవరైనా మాట్లాడితే చెయ్యి చెవికి ఆనించి, వాళ్ల పెదవుల్నే చూస్తూ వింటాడు.

"ఆ రోజు ఉడుత బయటి పనికి వెళ్లాడా?"

"లేదమ్మా. ఏడాదిగా వాడికి బయటి పని ఇవ్వడం లేదు. తాళ్లూ కొక్కేలూ చూసుకునేవాడు."

"అంటే దుమ్ము తగల్లేదు."

"తగల్లేదు."

"గదిలోకి ఎప్పుడు వెళ్లాడు?"

"భోజనాలయ్యాక. రెండు దాటి ఉంటుంది. నేనే తీసుకెళ్లాను. నాలుగింటికి టీ తీసుకుని తలుపు తీసేసరికే అయిపోయింది."

"వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడు?"

"కాస్త ఆయాసం. నోరు మాత్రం ఆగలేదు. 'కెప్టెన్, టీలో పంచదార తగ్గిస్తే నేను వేరే స్టేషన్‌కి మారిపోతా' అన్నాడు. తువ్వాలు నేనే దోపాను."

"జోకులు వేస్తూ లోపలికి వెళ్లినవాడు రెండు గంటల్లో పోయాడు. మధ్యలో పిలిచాడేమో?"

"పిలిచినా నాకు వినపడదు కదమ్మా." కెప్టెన్ చెయ్యి చెవి దగ్గరే ఉండిపోయింది. "మీరేమంటున్నారు? మేం కాపాడుకోవాలని కట్టిన గదే వాణ్ణి మింగేసిందంటారా?"

"నేనింకా ఏమీ అనలేదు. కాసేపు లోపల ఒంటరిగా కూర్చుంటాను. మీరు అలవాటుగా ఎలా మూస్తారో అలాగే మూసెయ్యండి. తువ్వాలుతో సహా."

ఇన్‌స్పెక్టర్ కళ్లు చిట్లించాడు. "లోపల దయ్యం ఉందేమో అడిగిరా. ఉంటే స్టేట్‌మెంట్ తీసుకుందాం."

తలుపు మూసుకుంది. తువ్వాలు గడపకు రాసుకున్న తడి చప్పుడు వినిపించింది. అంతే, లోకం తెగిపోయింది.

మూడు ఇనప మంచాలు. రెండింటి మీద పరుపులు మడిచి ఉన్నాయి. మూడోదాని మీద దుప్పటి, ఒక దిండు. తెల్లటి గలీబు మీద నీలం దారంతో చిన్న తబలా బొమ్మ కుట్టి ఉంది. అందంగా, ఓపిగ్గా కుట్టిన కుట్టు.

గాలి కదలడం లేదు. ఎన్నాళ్లుగానో అక్కడే ఉండి, ఎంతమంది ఛాతీల్లోంచో వచ్చి మళ్లీ ఛాతీల్లోకే వెళ్తున్న గాలి. డిటెక్టివ్‌కి తన గుండె చప్పుడు తనకే పెద్దగా వినిపించింది. ఆమె కిటికీ దగ్గరకు వెళ్లింది. టేపు మీద టేపు, దాని మీద టేపు. ఏటేటా ఒక పొర వేసినట్టున్నారు. ముట్టుకుంటే తోలులా మెత్తగా ఉంది.

కిటికీ కింది మూల ఆమె చెయ్యి ఆగింది.

అక్కడ టేపు చిరిగి ఉంది. కత్తితో కాదు. నాలుగు గీతలు, పక్కపక్కనే, పైనుంచి కిందికి. ఒక గీత చివర టేపు జిగురులో గోరు ముక్క ఒకటి అంటుకుని ఉంది.

ఈ గదికి టేపు వేసిన చేతులే చివరి క్షణంలో ఆ టేపును పీకాలని చూశాయి. క్షేమం లోపల లేదని, బయటే ఉందని ఉడుతకు తెలిసింది. తలుపుదాకా వెళ్లడానికీ, చెప్పడానికీ ఊపిరి మిగల్లేదు.

అప్పుడే గోడలోంచి చప్పుడు వచ్చింది.

టక్, టక్, టక్. కాసేపు ఏమీ లేదు. మళ్లీ టక్, టక్, టక్.

చప్పుడు ఆమె తల ఎత్తులో, ఇటుకల్లోంచి, ఎవరో అవతల కూరుకుపోయి తడుతున్నట్టు వస్తోంది. ఇంకో మూడు.

ఆమె తలుపు ఒక్క తోపు తోసింది.

వరండాలో, గోడ పక్క బెంచీ మీద సన్నటి కుర్రవాడొకడు కూర్చుని ఉన్నాడు. పాతికేళ్లు దాటి ఉంటాయి. తల గోడకు ఆనించి, కళ్లు మూసుకుని, చేతివేళ్లతో గోడను తడుతున్నాడు. ప్రతి ఊపిరికీ ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తున్నాయి.

"తబలా నువ్వేనా?"

అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "సారీ మేడమ్. నేను కొట్టడం లేదు. వేళ్లే ఆడతాయి."

"ఎప్పుడూ ఇదే తాళమా?"

డిటెక్టివ్ పక్కనే కూర్చుంది. "మీ అక్క నన్ను పంపింది. నువ్వు ఆ గదిలో చచ్చిపోతావని ఆమె భయం. నాకూ అదే అనిపిస్తోంది. ఇది ఎవరి తాళమో చెప్పు."

తబలా తన చేతుల్ని చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"మార్కెట్ కూలిన మూడో రోజు మేడమ్. నాకు ఉద్యోగంలో మొదటివారం. ప్రతి గంటకీ ఒకసారి కెప్టెన్ పిడికిలి పైకెత్తేవాడు. ఎత్తితే అన్ని యంత్రాలూ ఆపెయ్యాలి. ఎవడూ కదలకూడదు, దగ్గకూడదు. కింద ఎవరైనా బతికుంటే వినపడుతుందని. ఆ రోజు శిథిలాల మీద ముగ్గురం ఉన్నాం. మైకన్న, మా బావ ఉడుత, నేను. పిడికిలి లేచింది. కిందనుంచి వచ్చింది. మూడు దెబ్బలు. ఆగి, మూడు దెబ్బలు."

"ముగ్గురూ విన్నారా?"

"విన్నాం. కెప్టెన్ చేత్తోనే అడిగాడు, ఏమైనా ఉందా అని. సరిగ్గా అప్పుడే మా కాళ్ల దగ్గర పగుల్లోంచి ఒక పిల్లి బయటికొచ్చింది. ఒళ్లంతా సిమెంటే. దాని కళ్లు తప్ప ఏం కనపడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, కొంతమంది ఏడ్చారు. కెప్టెన్ 'చప్పుడు చేసింది పిల్లి అన్నమాట' అన్నాడు. కింద పెద్ద కాంక్రీటు పలక వేలాడుతోంది మేడమ్. ఎవడు దూరినా తిరిగి రాడు. మైకన్న తల దించుకున్నాడు. బావ కూడా. యంత్రం మొదలైంది."

"నువ్వు?"

"అరిచాను. పిల్లి కాదు, మనిషి అని. కెప్టెన్‌కి వినపడదు. వినపడినవాళ్లు పలకలేదు. చేతుల్తోనే తవ్వాను. నడుం పట్టుకుని ఈడ్చేశారు." అతను కుడిచెయ్యి చాపాడు. రెండు వేళ్లకు గోళ్లు లేవు. "పిల్లి మూడు దాకా లెక్కపెట్టదు కదా మేడమ్."

"కింద ఎవరున్నారు?"

"ఒక ఆడపిల్ల. తర్వాత దొరికింది. చేతిలో స్టీలు గ్లాసు ఉంది, దాంతోనే కొట్టింది. ఎవరి బిడ్డో మేం అడగలేదు. ఏ మొహంతో అడుగుతాం?"

ఆ దెబ్బలు విన్న ముగ్గురిలో ఇద్దరు లేరు. మూడోవాడు ఆమె పక్కన కూర్చుని ఈల వేస్తున్నట్టు ఊపిరి తీస్తున్నాడు. డిటెక్టివ్ లేచి నిలబడింది.

"ఆ రెండు దిండ్లు ఏమయ్యాయి? మైకుది, ఉడుతది."

"ఉతకడానికి వెళ్లాయేమో. మాకు ఎవరి దిండు వాళ్లదే మేడమ్. ఇంకొకరి దిండు ముట్టుకోం. ఆయాసం వస్తే అది పట్టుకునే లోపలికి వెళ్తాం."

ఆమె గదిలోకి వెళ్లి తబలా దిండు తెచ్చింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బ్లేడు తీసింది. సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ గట్టిగా అడుగులు వేసుకుంటూ వచ్చాడు, వెనకే కెప్టెన్.

"ఏయ్, ఏయ్! ఏం చేస్తున్నావ్? ఆధారాలు పాడుచేస్తే మరదలివని కూడా చూడను."

"కేసే లేదన్నావు. ఆధారం ఎక్కడినుంచి ఊడిపడింది బావా?"

"తిక్క మాటలొద్దు. ఇన్‌హేలర్‌ని పరీక్ష చేయించాను, మందు సరిగానే ఉంది. అన్నంలో ఏమీ లేదు. ఒంటి మీద దెబ్బ లేదు. లోపలికి ఎవరూ వెళ్లలేదు. ఇంకేం కావాలి నీకు?"

"ఉడుత దిండు కావాలి. ఆ రోజే ఎందుకు తీసి పెట్టలేదు?"

"దిండా? ఊపిరాడక పోయినవాడికి దిండు కూడా పోస్ట్‌మార్టమ్ చెయ్యాలా?"

"చెయ్యాలి. పొద్దున వీళ్ల డాక్టరమ్మతో మాట్లాడాను. పోయిన నెల తొమ్మిది మందికీ..." ఆమె సవరించుకుంది. "మిగిలిన ఎనిమిది మందికీ చేతుల మీద చుక్కలు వేసి సూదితో గుచ్చి పరీక్ష చేసింది, ఏది పడదో తెలుసుకోవడానికి. అప్పటికి ఉడుత ఉన్నాడు. పరుపుల్లో పురుగు, బొద్దింక, గోడ బూజు, ఇవి కొంతమందికి పడవు. అది మామూలే. కానీ ఆరుగురికి పిల్లి పడదు. పిల్లి చుక్క పెట్టినచోట ఉడుత చెయ్యి రూపాయి బిళ్లంత పొంగింది. ఆ ఆరుగురిలో ఒక్కడి ఇంట్లో కూడా పిల్లి లేదు. ఆమెకే ఆశ్చర్యంగా ఉంది."

"అయితే?"

"అయితే పిల్లి వీళ్ల ఇళ్లలో లేదు. ఇక్కడుంది, అందరూ కలిసి పీల్చే ఆ గదిలో."

ఆమె దిండు అంచున బ్లేడు పెట్టింది. కుట్టు గట్టిది, సన్నటిది. ఒక్కొక్క దారమే తెంచింది. దూది బయటపడింది. దూది మధ్యలో పలచటి గుడ్డ సంచి, దిండంత పొడవుది, నాలుగు వైపులా కుట్టి ఉంది. అంచు కాస్త చీల్చగానే బూడిదరంగు, పసుపురంగు వెంట్రుకలు దూదిలాగే మెత్తగా పైకి లేచాయి. దువ్వి, పోగుచేసి, దట్టించిన వెంట్రుకలు. వాటితోపాటు సన్నటి పొట్టులాంటి పొడి.

బెంచీ దగ్గర తబలా దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు ఆగలేదు.

"నువ్వు బయటికి పో! ఆవరణలోకి, గాలిలోకి! ఇన్‌హేలర్ పీల్చు, ఆ గది వైపు మాత్రం రాకు!" డిటెక్టివ్ దిండును దుప్పట్లో చుట్టేసింది. తబలా తడబడుతూ వెళ్లిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ మొహంలో నవ్వు సగం మాత్రమే మిగిలింది. "పిల్లి బొచ్చు. ఇప్పుడు పిల్లిని అరెస్టు చెయ్యమంటావా?"

"పిల్లి సూది పట్టుకోదు బావా."

"మరి దుమ్ము? ఏడేళ్లుగా డాక్టర్లందరూ చెప్తున్న దుమ్ము అబద్ధమా?"

"అబద్ధం కాదు. దుమ్మే వీళ్ల ఊపిరితిత్తుల్ని పుండు చేసింది. ఆ పుండు మీద ఎవరో రోజూ కారం రాస్తున్నారు. వీళ్లేమో ఆయాసం ఎక్కువైనప్పుడల్లా ఇంకా గట్టిగా తలుపులు మూసి, ఆ కారాన్నే వీపుకి ఆనించుకుని కూర్చుంటున్నారు. బయటి శత్రువుని చూసి చూసి లోపలికి చూడ్డం మర్చిపోయారు." ఆమె కెప్టెన్ వైపు తిరిగి, అతనికి పెదవులు కనిపించేలా అడిగింది. "ఈ దిండ్లు ఎవరు కుట్టారు?"

కెప్టెన్ కళ్లు ఆ దుప్పటి మూట మీదే ఉన్నాయి. "పెద్దమ్మ," అన్నాడు. "మా స్టోరు చూసుకుంటుంది. ఆమె అలాంటిది కాదమ్మా. మాకందరికీ తల్లి లాంటిది. జ్వరం వస్తే పక్కన కూర్చుని తలకు తడిగుడ్డ వేస్తుంది."

"ఎన్నాళ్లుగా ఉంటోంది?"

"మార్కెట్ కూలిన ఏడాది చేరింది."

స్టోరు గది వెనకవైపు ఉంది. డిటెక్టివ్ వాకిట్లో అడుగుపెట్టిన క్షణంలోనే స్టేషన్ గంట మోగింది. బూట్ల పరుగులు, ఎవరో చిరునామా అరవడం, వ్యాను తలుపులు దభాలుమనడం. సైరన్ దూరమైపోయింది. ఆ గోలంతా జరుగుతున్నా పెద్దమ్మ కుట్టుమిషన్ తొక్కడం ఆపలేదు. అరవై దాటిన మనిషి. కళ్లద్దాలు ముక్కు చివర ఉన్నాయి.

"కూర్చో అమ్మా. మంచినీళ్లు తాగుతావా?"

డిటెక్టివ్ కూర్చోలేదు. గుడ్డ సంచిలోంచి చీల్చి తెచ్చిన చిన్న ముక్కను మిషన్ పక్కన పెట్టింది. వెనకాలే వచ్చిన ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో ఆగిపోయాడు.

పెద్దమ్మ ఆ ముక్కను వేలితో నిమిరింది. బెదరలేదు. కుట్టు ఎలా వచ్చిందో చూసుకుంటున్నట్టు చూసింది.

"నా కుట్టు ఎవరో ఒకరు విప్పుతారనుకున్నాను. ఇంత ఆలస్యం అవుతుందనుకోలేదు."

"ఆ పిల్లి ఎక్కడుంది?"

"ఇంట్లో. ముసలిదైపోయింది. రోజూ దువ్వుతాను. నా బిడ్డ దువ్వేది, అలవాటు తప్పితే అరుస్తుంది."

గదిలో మిషన్ చక్రం తిరిగి తిరిగి ఆగింది.

"మీ అమ్మాయి ఆ మార్కెట్లో పనిచేసేదా?"

"కింది అంతస్తులో, చీరల కొట్లో. పిల్లిని కూడా అక్కడికే తీసుకెళ్లేది." పెద్దమ్మ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. "చిన్నప్పుడు స్నానాలగదిలో గడియ పడిపోయి ఒకసారి బెదిరిపోయింది. అప్పుడు నేనే నేర్పాను. ఏడవకు, మూడుసార్లు కొట్టు. ఆగు. మళ్లీ మూడుసార్లు కొట్టు. అమ్మ వస్తుంది అని. ఆ మూడు రోజులూ నేను తాడు అవతల నిలబడ్డాను. దగ్గరికి రానివ్వలేదు. పిల్లిని పైకెత్తి ఇది ఎవరిదని అడిగారు. నాదన్నాను. మిగతాది ఎవరూ అడగలేదు."

"విన్నవాళ్లు ముగ్గురని మీకెలా తెలిసింది?"

"మైకుకి జ్వరమొచ్చింది. పక్కన కూర్చున్నాను. నేనెవరి తల్లినో వాడికేం తెలుసు? నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. పెద్దమ్మా, ముగ్గురం విన్నాం, ముగ్గురం ఊరుకున్నాం, పిల్లి అనేశాం అన్నాడు. ఓదార్చాను. పడుకోబెట్టాను." ఆమె గొంతులో ఎక్కడా ఎత్తుపల్లాలు లేవు. "పిల్లే అన్నారు కదమ్మా. కాగితాల్లో కూడా అదే రాశారట. సరే, పిల్లే. వాళ్లన్న మాటే నిజం చేశాను."

"ముగ్గురూ ఊరుకోలేదు పెద్దమ్మా," అంది డిటెక్టివ్.

"ఆ?"

"తబలా ఊరుకోలేదు. మనిషని అరిచాడు. చేతుల్తో తవ్వాడు. నడుం పట్టి ఈడ్చేశారు."

"వాణ్ణి కాపాడదామని చెప్తున్నావు."

"అతని కుడిచేతి వేళ్లు ఎప్పుడూ చూడలేదా?"

"తాడు కోసుకుని గోళ్లు పోయాయన్నాడు." పెద్దమ్మ ఆగింది. "నేనే అడిగాను. నాతో తాడనే చెప్పాడు."

"సిగ్గుపడ్డాడు. ఎక్కువసేపు తవ్వలేకపోయానని. ఇప్పటికీ అతని వేళ్లు గోడమీద మీ అమ్మాయి నేర్చుకున్నదే కొడుతున్నాయి. కావాలంటే వెళ్లి వినండి."

పెద్దమ్మ ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. ఆమె కిటికీలోంచి ఖాళీ ఆవరణ వైపు చూసింది. లేచి నిలబడబోయి బల్ల పట్టుకుంది.

"బండి వెళ్లిపోయిందా?"

"ఇప్పుడే వెళ్లింది. ఏం?"

"వాడు వెళ్లాడా?"

డిటెక్టివ్ ఒక్క అంగలో కిటికీ దగ్గరకు చేరింది. ఆవరణలో ఎవరూ లేరు. గాలిలోకి వెళ్లమని తానే పంపింది. గంట మోగితే రెస్క్యూ మనిషి ఆగుతాడా?

"వాడి ముసుగు, దుమ్ములోకి వెళ్లేటప్పుడు ముక్కుకి కట్టుకునేది," అంది పెద్దమ్మ. "దిండు ఒక్కటే చాలదనిపించింది. పొద్దున ముసుగు లోపల కొత్త అస్తరు వేశాను."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే జీపు తాళాలు తీశాడు. పెద్దమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి వెనక సీట్లో కూర్చుంది. సంకెళ్ల మాట అతనికి గుర్తు రాలేదు, గుర్తొచ్చినా ఆగేవాడు కాదు. దారి పొడుగునా డిటెక్టివ్ కెప్టెన్‌కి ఫోన్ చేస్తూనే ఉంది. అతను ఎత్తాడు. "ఆ? ఎవరు? గట్టిగా!" అన్నాడు. యంత్రాల రొదలో ఆమె అరుపు అతనికి చేరలేదు. ఫోన్ పెట్టేశాడు.

కడుతున్న భవనం తాలూకు నేలకింది గది అది. పైకప్పు సగం కూలి, వాలుగా ఆగి ఉంది. కింద చిన్న కన్నం, దాంట్లోంచి తెల్లటి దుమ్ము పొగలా వస్తోంది. కన్నంలోకి ఒక తాడు వెళ్తోంది. తాడు చివర తబలా ఉన్నాడు.

కెప్టెన్ వాకీటాకీని నోటికి ఆనించి అరుస్తున్నాడు. "ఊపిరి బిగిస్తోందా? ముసుగు గట్టిగా అదుముకో! తియ్యకు! ఏమైనా సరే తియ్యకు!"

డిటెక్టివ్ అతని భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "తియ్యమనండి!"

"పిచ్చా మీకు? లోపలంతా సిమెంటు! ముసుగు తీస్తే చస్తాడు!"

"చంపుతున్నది ముసుగే! దిండులో ఏముందో అందులోనూ అదే ఉంది!"

కెప్టెన్ ఆమె పెదవుల్ని చూశాడు. అర్థమైంది. అయినా చెయ్యి కదల్లేదు. అతను ఇన్నేళ్లుగా కుర్రాళ్లందరికీ నేర్పింది ఒకటే, దుమ్ములో ముసుగు తియ్యొద్దని. వాకీటాకీలోంచి తబలా ఊపిరి వినిపిస్తోంది. లోపలికి వెళ్తున్న చప్పుడే తప్ప బయటికి వస్తున్న చప్పుడు లేదు.

పెద్దమ్మ కెప్టెన్ చేతిలోంచి వాకీటాకీ తీసుకుంది. పసివాడి చేతిలోంచి గిలక్కాయ తీసుకున్నట్టు, నెమ్మదిగా.

"నాన్నా, నేను పెద్దమ్మని. ముసుగు తీసెయ్. దాన్ని నేనే చెడగొట్టాను. తీసి దూరంగా పారేసి, ఒంటిమీది చొక్కా ముక్కుకి కట్టుకో."

గరగర మాత్రం వినిపించింది. ఆ తర్వాత ఒక పొడుగాటి దగ్గు, దాని వెనకే మరొకటి. చివరికి మాట వచ్చింది.

"తీశాను... పెద్దమ్మా. మందు పీల్చాను. కాస్త ఆడుతోంది."

ఇన్‌స్పెక్టర్ జీపుకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. కెప్టెన్ వాకీటాకీ మీదికి వంగి అరిచాడు. "వెనక్కి వచ్చెయ్! తాడు లాగుతున్నాం!"

"లాగొద్దు కెప్టెన్." మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటున్నాడు. "ఇక్కడ ఒక చెయ్యి తగిలింది. వెచ్చగా ఉంది. ఆడమనిషిలా ఉంది. నా వేలు పట్టుకుంది."

పైన వాలుగా ఉన్న పలక కిర్రుమంది. అంచు నుంచి ఇసుక ధారగా రాలడం మొదలైంది. తాడు పట్టుకున్న నలుగురూ కెప్టెన్ వైపు చూశారు. కెప్టెన్ పలక వైపు చూశాడు. దాని బరువు ఎంతో, అది ఎంతసేపు ఆగుతుందో అతనికి చెవుల్తో పనిలేకుండానే తెలుసు. అతను లాగమన్నట్టు చెయ్యి పైకెత్తబోయాడు.

పెద్దమ్మ వాకీటాకీ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని ఆ కన్నంలోకి చూస్తోంది. దుమ్ము ఆమె జుట్టు మీద, కనురెప్పల మీద వాలుతోంది. ఆమె తుడుచుకోవడం లేదు.

"నాకివ్వండి," అంది డిటెక్టివ్, మెల్లగా చెయ్యి చాపి.

పెద్దమ్మ బొత్తాం నొక్కింది.

"వదలకు నాన్నా," అంది. "దాన్ని వదిలి రాకు."

డిటెక్టివ్ ఆమె ముఖంలోకి చూసింది. ఒక తల్లి ఇంకో తల్లి బిడ్డ కోసం అన్న మాటా అది? లేక కుట్టు మధ్యలో వదిలెయ్యని మనిషి మూడోవాడి పని ముగిస్తోందా? పెద్దమ్మ కళ్లలో నీళ్లున్నాయి. పెదవుల మీద మాత్రం, దిండుకి బొమ్మ కుట్టేటప్పుడు ఉండే ఓపికే ఉంది.

"వదల్ను," అన్నాడు లోపల తబలా.

పలక ఒక జానెడు కిందికి దిగింది. నలుగురి చేతుల్లో తాడు ఒక్కసారిగా వదులైపోయింది.